'వర్డ్స్ ఆఫ్ రేడియన్స్' చదివే ముందు మొదటి నవల మళ్ళీ చదవాలా?

ప్రశ్న: ఉప్పల్ పాఠకురాలు

అందరికీ నమస్కారం. అమెరికన్ రచయిత బ్రాండన్ శాండర్సన్ రాస్తున్న 'స్టార్మ్‌లైట్ ఆర్కైవ్' ఫాంటసీ నవలల వరుసలో మొదటి నవల 'ద వే ఆఫ్ కింగ్స్' నేను కిందటి వేసవిలో చదివాను. చివరి రెండు వందల పేజీలు నిద్ర మానుకుని ఏకబిగిన పూర్తిచేశాను. ఆ తరువాత ఉద్యోగం, ఇంట్లో పెళ్ళి పనులు అడ్డం వచ్చి రెండో నవల 'వర్డ్స్ ఆఫ్ రేడియన్స్' పట్టుకోవడానికి చాలా నెలలు పట్టింది. ఇప్పుడు మొదలుపెట్టి, వంద పేజీలు దాటాక ఆగిపోయాను.

పుస్తకం నచ్చక ఆగిపోలేదు. కలాడిన్, అతని బ్రిడ్జ్ ఫోర్ దళం మనుషులు, షాటర్డ్ ప్లెయిన్స్‌లోని అగాధాల మీదుగా వాళ్ళు భుజాన మోసుకుంటూ పరుగెత్తిన వంతెనలు నాకు నిన్న చదివినంత స్పష్టంగా గుర్తున్నాయి. కాని అలెత్కార్ రాజ్యంలో పది మంది హైప్రిన్సులలో, అంటే రాజు కింది ప్రభువులలో, ఎవరు ఎవరి పక్షమో, రాజును చంపించింది ఎవరో, ఎందుకు చంపించామని చెప్పుకున్నారో, ఖార్‌బ్రాంత్ నగరం ఆసుపత్రిలో బయటపడిన సంగతి ఏమిటో పూర్తిగా కలగాపులగమైపోయాయి. ఒక పాత్ర లోపలికి రాగానే మిగతా వాళ్ళంతా ఉలిక్కిపడతారు, నేను మాత్రం ఈయన ఎవరా అని ఆలోచిస్తూ కూర్చుంటాను. అలా చదవడం ఆ రచయితకూ, నాకూ అన్యాయమే అనిపించింది.

రెండో ఇబ్బంది కూడా ఉంది. ఈ నవలలో కథ ఎక్కువగా షాలన్ అనే అమ్మాయి చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తోంది. మొదటి నవలలో నా మనసంతా కలాడిన్ మీదే ఉండింది కనుక అతని అధ్యాయం ఎప్పుడు వస్తుందా అని పేజీలు తిప్పి చూసుకుంటున్నాను. ఇది నా ఒక్కదాని సమస్యేనా, లేక రెండో పుస్తకం దగ్గర చాలామందికి ఇలాగే ఉంటుందా?

మొత్తం పది నవలలు రావాలనీ, వాటిలో సగమే వచ్చాయనీ విన్నాను. ఇంత పెద్ద పని నెత్తిన వేసుకునే ముందు, ఇదివరకే చదివినవాళ్ళు ఏం చేశారో తెలుసుకోవాలని అడుగుతున్నాను. దయచేసి రెండో నవల ముగింపు చెప్పకండి.

జవాబు: చిక్కడపల్లి వాసి

ఉప్పల్ పాఠకురాలు గారూ, మొదటి నవల మొత్తం మళ్ళీ చదవనక్కర లేదని నా గట్టి అభిప్రాయం. వెయ్యి పేజీల పుస్తకాన్ని మళ్ళీ మొదలుపెడితే సగంలో విసుగు వచ్చి, రెండో పుస్తకం మీద ఉన్న ఉత్సాహం కూడా చల్లారిపోవచ్చు. అలా మానేసినవాళ్ళు నా స్నేహితులలోనే ఉన్నారు. కాని ఏమీ తిరగెయ్యకుండా ముందుకు పోవడం కూడా మంచిది కాదు. నేను చెప్పేది మధ్యేమార్గం.

ముందుగా మొదటి నవల నాంది మళ్ళీ చదవండి. అలెత్కార్ రాజుకూ పార్షెండీలు అనే జాతికీ సంధి కుదిరిన రాత్రి, విందు జరుగుతున్న కోటలోకి తెల్లని బట్టలు వేసుకున్న హంతకుడు సెత్ వస్తాడు. గోడల మీదా, పైకప్పు మీదా నడుస్తూ, కాపలావాళ్ళను చంపుకుంటూ రాజు దగ్గరకు చేరతాడు. అది చదివిన వెంటనే, మధ్యలో ఇంకేమీ పెట్టుకోకుండా, రెండో నవల నాంది మళ్ళీ చదవండి. అదే రాత్రి, అదే కోట, అదే విందు. కాని ఈసారి చూస్తున్నది రాజు కూతురు జాస్నా. ఆమె విందు వదిలి నడవాలలోకి వచ్చినప్పుడు దీపాల దగ్గర ఆమె నీడ పడవలసిన వైపు పడదు, దీపం వైపే సాగుతుంది. సెత్ కళ్ళతో ఆ రాత్రిని చూసినప్పుడు మనకు ఆ సంగతి తెలిసే వీలే లేదు. మొదటి అయిదు నవలలలో ప్రతి దాని నాందీ ఆ ఒక్క రాత్రినే వేరువేరు మనుషుల కళ్ళతో చూపిస్తుంది. రాజును ఎవరు చంపించారు, ఎందుకు అన్న మీ ప్రశ్నకు జవాబు కూడా అలా కొంచెం కొంచెంగా పేరుకుంటూ వస్తుంది. కనుక మీకు ఇప్పుడు పూర్తిగా అర్థం కాకపోవడంలో మీ జ్ఞాపకశక్తి లోపం కంటే రచయిత ఉద్దేశమే ఎక్కువ.

తరువాత మొదటి నవలలోని అయిదో భాగం మొత్తం, దాని ముందు యుద్ధం జరిగే అధ్యాయాలు, చివర్లో రాజధాని ద్వారం దగ్గర ఆస్థాన విదూషకుడు విట్ మాట్లాడే ముగింపు అధ్యాయం చదవండి. హైప్రిన్సు డాలినార్ తన కత్తిని ఇచ్చి వంతెన మోసేవాళ్ళను విడిపించుకున్న సన్నివేశం తప్పకుండా చదవాలి. రెండో నవలలో కలాడిన్ ఎక్కడ ఉన్నాడు, ఏ హోదాలో ఉన్నాడు, ఇంకో హైప్రిన్సు సాదియస్ ముఖం చూడగానే అందరూ ఎందుకు బిగుసుకుపోతారు అన్నవన్నీ అక్కడే మొదలవుతాయి. ఆ ద్వారం దగ్గర కుప్పకూలిన మనిషిని కూడా మరిచిపోకండి. ఇంతకంటే చెప్పను. ఇవన్నీ చదవడానికి రెండు, మూడు సాయంత్రాలు చాలు.

మిగిలినది శాండర్సన్ తానే గుర్తుచేస్తాడు. పాత పాత్ర మళ్ళీ వచ్చినప్పుడు ఒక అలవాటో, ఒక మాటతీరో, ఒక పాత గాయమో ముందు చూపించి ఆ తరువాతే పేరు చెప్పడం అతని పద్ధతి. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ చదివిన తరానికి ప్రతి నెలా కథకు ముందు కాసిని వాక్యాలలో గతకథ చెప్పేవారు. ఇక్కడ ఆ సదుపాయం లేదు కాని, ఆ పని కథలోనే కలిసిపోయి జరుగుతూ ఉంటుంది. పుస్తకం చివర ఉన్న అనుబంధంలో రత్నాలు, వాటికి సంబంధించిన శక్తులు, మూలతత్వాల పట్టిక ఉంటుంది. ఆ పేర్ల దగ్గర తికమక వస్తే అది తెరిచి చూసుకోవచ్చు.

ఇంటర్నెట్‌లో సారాంశాలు వెతకవద్దని మాత్రం బతిమాలుతున్నాను. ఒక హైప్రిన్సు పేరు కొట్టి చూస్తే, మూడో నవలలో అతనికి ఏమైందో మొదటి వాక్యంలోనే కనిపిస్తుంది. అభిమానులు నడిపే విజ్ఞాన సర్వస్వాలు అన్ని నవలలూ చదివినవాళ్ళ కోసం ఉద్దేశించినవి. రెండో నవల దగ్గర ఉన్నవాళ్ళకు వాటంత ప్రమాదం మరొకటి లేదు.

జవాబు: మెహిదీపట్నం పాఠకుడు

చిక్కడపల్లి వాసి గారు చెప్పినది కాలం లేనివాళ్ళకు మంచి సలహా. అయినా నేను ఏకీభవించలేను. వీలుంటే మొదటి నవల పూర్తిగా మళ్ళీ చదవమనే చెబుతాను, ఎందుకంటే ఈ వరుసలో మొదటి పుస్తకం రెండోసారి చదివినప్పుడు మొదటిసారి చదివిన పుస్తకంలా ఉండదు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. మొదటి నవల మొదటి భాగంలో ప్రతి అధ్యాయం తల మీద వాలుగా అచ్చువేసిన ఒకటి రెండు వాక్యాలు ఉంటాయి. వాటి కింద ఏ రోజున సేకరించారో, చనిపోవడానికి ఎన్ని సెకన్ల ముందు ఆ మాటలు పలికారో, పలికింది ఎవరో రాసి ఉంటుంది. మొదటిసారి చదివేటప్పుడు చాలామందిమి వాటి మీద చూపు జార్చి అధ్యాయంలోకి దూకుతాం. నవల చివర్లో ఖార్‌బ్రాంత్ ఆసుపత్రిలో ఏం జరుగుతోందో, ఆ నగరపు రాజు తారవాంజియన్ ఎందుకు అంత మెత్తగా నవ్వుతాడో తెలిశాక ఆ పేజీలకు తిరిగి వెళ్ళి చూడండి. ఆ మాటలు ఒక్కొక్కటీ ఒక మనిషి ప్రాణం. మీకు కలగాపులగమైపోయిందన్న సంగతి ఇదే. ఇది చివరి భాగం ఒక్కటే తిరగేస్తే సగమే అందుతుంది, ఎందుకంటే దాని బరువంతా మొదటి భాగంలోనే ఉంది.

భాగాలకూ భాగాలకూ మధ్య వచ్చే ఇంటర్‌లూడ్‌ల, అంటే చిన్న విడి అధ్యాయాల, సంగతీ అంతే. ఎక్కడో సరస్సులో చేపలు పట్టేవాళ్ళు, ఎక్కడో దొంగతనానికి వెళ్ళిన ఒక కుర్రపిల్ల, వాళ్ళకూ అసలు కథకూ సంబంధం ఏమిటని విసుక్కున్నవాళ్ళను చూశాను. రెండో నవలలోని ఒక ఇంటర్‌లూడ్‌లో ఒక రాజభవనంలోకి దూరి తిండి దొంగిలించే లిఫ్ట్ అనే అమ్మాయి కనిపిస్తుంది. ఆమె కథను రచయిత తరువాత 'ఎడ్జ్‌డాన్సర్' అనే చిన్న నవలగా రాశాడు. అది 2016లో వచ్చింది, రెండో నవలకూ మూడో నవలకూ మధ్య చదవాలి. అప్పుడు ఏది కథలో అనవసరమో ముందే తేల్చుకునే అలవాటు మనకు పోతుంది.

వంద పేజీలు చదివాక వెనక్కు వెళ్ళడం నష్టం కాదు. అవి ఎలాగూ మళ్ళీ చదువుతారు.

ఉప్పల్ పాఠకురాలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. పూర్తిగా మళ్ళీ చదివే తీరిక ఇప్పుడు లేదు. నాకు చదువుకునే సమయమంతా ఉప్పల్ నుంచి రాయదుర్గం వరకు మెట్రోలో దొరికేదే, అదీ సీటు దొరికిన రోజున. రెండు నాందులూ పక్కపక్కన పెట్టి చదివాను. జాస్నా నీడ సంగతి నేను మొదటిసారి గమనించనే లేదు, చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. ఇప్పుడు ఖార్‌బ్రాంత్ అధ్యాయాల కోసం ఆ వాక్యాలు మాత్రం అన్నీ వరుసగా చదువుతున్నాను. షాలన్ గురించి ఎవరైనా చెబితే బాగుంటుంది.

జవాబు: సైనిక్‌పురి

అమ్మా, షాలన్ దగ్గర ఆగిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు, నీ ఒక్కదాని సమస్య కాదు. కాని ఆగకు.

మొదటి మూడు నవలలలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క మనిషి గతం వెన్నెముకగా ఉంటుంది. మొదటిదానిలో కలాడిన్ చిన్నతనం, వైద్యుడైన తండ్రి, తమ్ముడు టియన్ కథ వచ్చాయి. కలాడిన్ మీద నీకు అంత మమకారం కలగడానికి కారణం అతను వీరుడు కావడం ఒక్కటే కాదు, అతని ఇల్లు, ఊరు, అతను పోగొట్టుకున్నవాళ్ళు నీకు తెలుసు. రెండో నవలలో అదే చోటు షాలన్‌కు దక్కింది, మూడోదానిలో డాలినార్‌కు దక్కుతుంది. మొదటి నవల చివర్లో షాలన్ తన తండ్రి గురించి ఒక్క వాక్యం చెప్పి ఊరుకుంటుంది, గుర్తుందా? ఆ వాక్యం వెనుక ఉన్న ఇల్లు, ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఎవరూ తలెత్తి మాట్లాడలేని భయం, నలుగురు అన్నలూ ఒక్కొక్కరూ ఒక్కొక్క తీరుగా దెబ్బతినడం ఈ నవలలో నెమ్మదిగా బయటపడతాయి. ఆమె వేసే జోకులు మొదట్లో చాలామందికి చిరాకు తెప్పిస్తాయి. ఆ ఇంట్లో ఆ జోకులు ఎందుకు అవసరమయ్యాయో తెలిసిన తరువాత నాకు వాటిని చదవడమే కష్టమైంది.

ఒక పెద్ద కథలో రెండో పుస్తకం అదే మనిషి భుజం మీద చెయ్యి వేసుకుని నడవాలని మనం కోరుకుంటాం. మంచి రచయితలు చాలాసార్లు ఆ కోరిక తీర్చరు. ఉర్సులా లె గ్విన్ 1968లో 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' రాసి, గెడ్ అనే మాంత్రికుణ్ణి పాఠకులందరూ ప్రేమించేలా చేసింది. 1971లో వచ్చిన రెండో నవల 'ద టూంబ్స్ ఆఫ్ అటువాన్' తెరిస్తే గెడ్ కనిపించడు. చీకటి సమాధుల మధ్య పూజారిణిగా పెరుగుతున్న టెనార్ అనే చిన్నపిల్ల కథ మొదలవుతుంది. గెడ్ చాలా పేజీల తరువాత, అదీ ఆ పిల్ల కళ్ళకు ఒక చొరబాటుదారుగా కనిపిస్తాడు. అప్పటికి మనం ఆ పిల్ల పక్షాన ఉంటాం, మనకు తెలిసిన మనిషినే కొత్తవాడిని చూసినట్టు చూస్తాం. ఇది చాలా చిన్న నవల. రెండో పుస్తకంలో కేంద్రం మారితే ఏం లాభమో ఒక ఆదివారంలో తెలుసుకోవాలంటే అది చదువు.

శాండర్సన్ చేసినది కూడా ఆ కోవలోదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. షాలన్ దూరం నుంచి షాటర్డ్ ప్లెయిన్స్ వైపు ప్రయాణం చేస్తూ ఉంటుంది, కలాడిన్ అక్కడే ఉన్నాడు. ఒకళ్ళకు ఇంకొకళ్ళు తెలియదు, మనకు ఇద్దరూ తెలుసు. కలాడిన్ అధ్యాయం కోసం పేజీలు తిప్పి ముందుకు పోతే పోగొట్టుకునేది సరిగ్గా అదే: ఇద్దరి గురించీ వాళ్ళకంటే ఎక్కువ తెలిసి, ఎప్పుడు ఎదురుపడతారా అని ఎదురుచూడడం. అన్నట్టు, ఆమె గీసిన బొమ్మలు మధ్యమధ్య అచ్చువేసి ఉంటాయి. వాటిని దాటెయ్యకు. పక్కన ఆమె రాసుకున్న చిన్న చిన్న గమనికలు కూడా చదవదగినవే.

జవాబు: చిక్కడపల్లి వాసి

పది నవలల సంగతి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. 'ద వే ఆఫ్ కింగ్స్' 2010లోనూ, 'వర్డ్స్ ఆఫ్ రేడియన్స్' 2014లోనూ, 'ఓత్‌బ్రింగర్' 2017లోనూ, 'రిథమ్ ఆఫ్ వార్' 2020లోనూ, 'విండ్ అండ్ ట్రూత్' 2024 డిసెంబరులోనూ వచ్చాయి. పదింటినీ అయిదేసి చొప్పున రెండు దశలుగా రచయిత ముందే విభజించుకున్నాడు, అందులో మొదటి దశ అయిదో నవలతో ముగిసింది. తరువాతి అయిదూ మొదలుకావడానికి చాలా ఏళ్ళు పడుతుందని అతనే చెప్పాడు. కనుక మీరు నడిదారిలో దిగిపోవలసిన భయం లేదు. అయిదో నవల వరకు ఒక పూర్తి కథగానే చదువుకోవచ్చు.

మొదటి రెండు నవలలు వచ్చిన ఆ ఏళ్ళలో శాండర్సన్ మరొకరి పని కూడా పూర్తిచేస్తున్నాడు. 1990లో 'వీల్ ఆఫ్ టైమ్' అనే నవలల వరుస మొదలుపెట్టిన రాబర్ట్ జోర్డన్ 2007లో చనిపోయాడు. జోర్డన్ భార్య, అతని సంపాదకురాలు కూడా అయిన హారియెట్ మెక్‌డూగల్ ఆ పని శాండర్సన్‌కు అప్పగించింది. జోర్డన్ వదిలి వెళ్ళిన రాతలూ, గమనికలూ ఆధారంగా చివరి మూడు నవలలూ 2009, 2010, 2013లలో వచ్చాయి. ముఖచిత్రం మీద జోర్డన్ పేరే ముందు ఉంటుంది. తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేస్తే తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు, మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని తరువాత ఎర్రన నింపాడు. అదీ తన పేరు ముందుకు తోసుకోకుండా, నన్నయ రాసినట్టే రాజరాజ నరేంద్రుడికి అంకితం చేసి. ఇంకొకరి కథలోకి అడుగుపెట్టి, ఎక్కడ ఏ దారం వేలాడుతోందో వెతికి ముడివేసే పని అన్ని ఏళ్ళు చేసిన మనిషి తన సొంత కథలో దారాలు మరిచిపోడని నాకు నమ్మకం. 'వర్డ్స్ ఆఫ్ రేడియన్స్' చదువుతున్నప్పుడు ఆ నమ్మకం ఇంకా పెరిగింది.

జవాబు: అబిడ్స్ ఆదివారం

కొనేవాళ్ళ కోసం ఒక మాట. మన దగ్గర ఎక్కువగా దొరికేవి గోలాంజ్ అనే బ్రిటిష్ ప్రచురణ సంస్థ పేపర్‌బ్యాకులు. ఈ నవలలు చాలా లావు కనుక వాళ్ళు ఒక్కొక్క నవలనూ రెండు పుస్తకాలుగా విడదీసి, పార్ట్ వన్, పార్ట్ టూ అని వేస్తారు. అంటే 'ద వే ఆఫ్ కింగ్స్' పార్ట్ టూ అన్నది రెండో నవల కాదు, మొదటి నవల రెండో సగం. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలలో పార్ట్ టూలు విడిగా కనిపిస్తూ ఉంటాయి. బేరం ఆడే ముందు వెన్ను మీద నవల పేరూ, పార్ట్ సంఖ్యా రెండూ చూసుకోండి. డిసెంబరు, జనవరి ప్రాంతంలో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శనలోనైనా అంతే.

మెట్రోలో చదివేవాళ్ళకు ఈ విడదీసిన పుస్తకాలే హాయి, ఒక చేత్తో పట్టుకోవచ్చు. కిండిల్‌లో చదివితే మాత్రం షాలన్ బొమ్మలూ, పటాలూ చిన్నవైపోతాయి, వాటిని పెద్దవి చేసి చూడండి.

ఇంకొకటి: 2009లో వచ్చిన 'వార్‌బ్రేకర్' అనే విడి నవల రచయిత తన వెబ్‌సైటులో ఉచితంగా పెట్టాడు. అందులోని ఒక పాత్ర వేరే పేరుతో 'వర్డ్స్ ఆఫ్ రేడియన్స్'లో తిరుగుతూ ఉంటుంది. అది చదవకపోయినా కథ అర్థమవుతుంది, చదివి ఉంటే ఒకచోట పుస్తకం మూసి కాసేపు కూర్చుంటారు. మీరు వంద పేజీల దగ్గరే ఉన్నారు కనుక ఇప్పుడు పక్కకు పోకండి, రెండో నవల పూర్తిచేశాక, మూడోదానికి ముందు 'వార్‌బ్రేకర్', 'ఎడ్జ్‌డాన్సర్' రెండూ చదవండి.